మామ గీసిన సున్నపు గీత

చిటికెడు సున్నంతో ఇరవై మందిని, ఒక మేకను గోదావరిలో ముంచిన మొనగాణ్ణి నేను. నవ్వండి, ఫికర్ లేదు. ఎవరూ చావలేదు, చచ్చింది నా పరువొక్కటే.

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. మా మేనమామ గోదావరి మీద పడవ నడిపేవాడు. బిడ్డ రాజవ్వను నాకిస్తానని మా అవ్వకు మాటిచ్చాడు గానీ, మెలిక పెట్టాడు.

"పడవ కొలత తెలిసినోనికే నా పిల్ల."

నేనేమో మెట్టపొలం వాణ్ణి. "పన్నెండు మూరల పొడుగు, మూడు మూరల వెడల్పు. అయిపాయె గద మామా!" అన్నాను. ఎద్దును కొమ్ముల నుంచి తోక దాకా కొలిచి, దున్నడం వచ్చేసిందన్నట్టు!

"పొడుగు కాదురా అల్లుడా, మునక చూడాలె. ఒట్టి పడవ జానెడు మునుగుతది, మందెక్కితే మూరెడు. నీళ్లకు, పై అంచుకు నడుమ జానెడు ఎడం ఉండాలె. గా ఎడమే పానం." అంచుకు జానెడు కింద సున్నంతో గీసిన గీత చూపించాడు. "నీళ్లు గీత ముట్టినయా, నీ అవ్వొచ్చినా ఎక్కియ్యకు. రేపు పొద్దున నేను, రాజవ్వ అవతలి ఒడ్డున కూసుంటం. ఒక్క ఖేపు నువ్వు తీసుకరా, చూస్త."

పొద్దున అంగడికి పోయే జనం వచ్చిపడ్డారు. పద్నాలుగు మంది ఎక్కేసరికి నీళ్లు గీత ముట్టాయి.

"ఆగుండ్రి! ఇగ జాగ లేదు."

ఏరు దాటాక బోడి మల్లన్న అనేవాళ్లను చూశాం. వీళ్లు ఎక్కకముందే అన్నారు.

"ఏం పిలగా, అంగడి నీకోసం ఆగుతదా?"

"గా జానెడు జాగ ఖాళీనే ఉన్నది గద, నీళ్లకు కిరాయికిచ్చినవా?"

మేకను అమ్మబోతున్న ముసలి ఎల్లవ్వ నా గడ్డం పట్టుకుంది. "నా మేక బరువేంది కొడుకా, గడ్డి తిని బతికేది!"

అవతలి ఒడ్డు నుంచి రాజవ్వ చూస్తోంది. నిండు పడవతో దిగితే ఎంత దర్జా! అప్పటికి నాకు అక్షరం రాదు. నా బతుకులో చదివిన మొదటి రాత ఆ గీతే. చదివి ఊరుకున్నానా? దిద్దాను.

"ఎల్లవ్వా, జర సున్నం ఇయ్యి."

"ఆకు నమిలే యాళ్లనా గిది?" అంటూనే సున్నపుకాయ తీసింది.

పాత గీత తుడిచేసి, అంచుకు రెండు వేళ్ల కింద కొత్తది గీశాను. "ఇగ ఎక్కుండ్రి! గీత ఇంకా మునగలే."

ఇంకో ఆరుగురు ఎక్కారు. మేక కూడా.

నడి ఏరు దాటాక ఆ మేకకు పడవలో అటుపక్క ఎవరిదో గడ్డిమోపు కనబడింది. మేక అటు పోయింది. దాన్ని పట్టడానికి నలుగురు అటే వంగారు. గోదావరమ్మ ఎవర్నీ అడక్కుండా లోపలికొచ్చి కూర్చుంది. పడవ అంబలిలో గరిటెలా దిగిపోయింది.

పుణ్యానికి అక్కడ ఇసుక మేట, నడుముల్లోతే. అందరూ లేచి నిలబడి, నన్ను, నా ఏడు తరాలను తలుచుకున్నారు. నేను మేకను భుజాన వేసుకున్నాను.

"నీ బొందవెట్ట! నా సున్నం వాపస్ ఇయ్యిరా!" అని ఎల్లవ్వ.

మామ నీళ్లలోకి దిగి వచ్చి, అంచు తడిమి చూశాడు. "గీత పైకి జరిపితే పడవ లేస్తదారా?"

నా పెళ్లి కూడా మునిగిందనుకున్నాను. ఒడ్డున రాజవ్వ కడుపు పట్టుకుని నవ్వుతోంది. "పోనీ బాపూ! గింత పరేషాన్లో గూడ మేకను ఇడువలే. నన్నిడుస్తడా?"

పెళ్లయింది. తాంబూలంలో మామ నాకు ఉత్త ఆకు, వక్క ఇచ్చాడు. "సున్నమేది మామా?" అంటే, "నీ చేతికా?" అన్నాడు. పందిట్లో అందరి నోళ్లూ ఎర్రబడ్డాయి. పెళ్లికొడుకు నోరొక్కటే ఎల్లవ్వ మేక నోటిలా పచ్చగా ఉండిపోయింది.

అందుకే గోదావరి సాక్షిగా ఒట్టు వేశాను: ఈ జన్మలో సున్నం ముట్టను. ఇంటికి సున్నం కొట్టే రోజున ఇప్పటికీ చేతులు కట్టుకుని వాకిట్లో కూర్చుంటాను. రాజవ్వ మాత్రం దాన్ని ఒట్టు అనదు, సోమరితనం అంటుంది.