సామేలు పది నిమిషాల మౌనం

మా చిన్న తమ్ముడు సామేలుకు నలభై ఆరేళ్లు. నంద్యాలలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరి, శనివారాల్లో పొద్దున రియల్ ఎస్టేటు, మధ్యాహ్నం సైకాలజీ చదువుతున్నాడు. పదో తరగతి తప్పాక వాడికి మొదటి పరీక్ష రేపే. కొనే మనిషిలా సైకాలజీ చెప్పే మేడమే వస్తారట, వాడు స్థలం చూపించాలి.

అందుకని ఈ సాయంత్రం నన్ను ఆళ్లగడ్డ బయట ప్లాట్లు వేసిన చోటికి తీసుకెళ్లి, కొనడానికి వచ్చినట్టు నిలబడమన్నాడు. తూర్పు ముఖం, ముప్పై అడుగుల రోడ్డు, తియ్యటి బోరు నీళ్లు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి నోరు మూశాడు. చూపించడం అయ్యాక, కొనేవాళ్లు మాట్లాడేదాకా అమ్మేవాళ్లు మాట్లాడకూడదని సైకాలజీ క్లాసులో చెప్పారట. నాకు ఆ సంగతి తెలియదు. నేనూ మౌనంగా నిలబడ్డాను. పది నిమిషాలన్నా గడిచి ఉంటాయి. వాడి ముఖమంతా చెమట.

“అక్కా, ఏమన్నా అనక్కా. రేపు నేను ముందు నోరు తెరిస్తే ఫెయిలే.”

“నీ పరీక్ష కోసరం ప్రార్థన చేస్తాండా రా.”

“కొనేటోళ్లు ప్రార్థన చేస్తారా యాడన్నా?”

“మన పక్క దేవునికి చెప్పుకోకుండా సెంటు భూమి ఎవురు కొంటారు రా?”

వాడు నోటుపుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు.

పుట్టినప్పటి నుంచి వాడు పది నిమిషాలు ఊరకుండటం నేను చూడలేదు. రేపు మార్కులు ఎన్ని వేసినా సరే, ఆ మేడంకు నా వందనాలు.

మీరూ వాడి కోసం ప్రార్థించండి. చిన్నదే చాలు. పొడుగైతే వాడు భయపడతాడు.