లాకుల దగ్గర ఎక్కానన్నాను

ఓడలు బళ్లూ, బళ్లు ఓడలూ అవుతాయని సామెత. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకేసారి అయ్యాయి. మా ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. సాయంత్రం ఇంటికి రాగానే లుంగీ కట్టి పెరట్లో దూరేవారు. కాలవలో తేలేది, గట్టెక్కి రోడ్డు మీదా నడిచేది, మోటారు లేకుండా కాళ్లతో తొక్కితే పోయేది ఒకటి తయారు చేయాలని ఆయన పట్టుదల. పూర్వం మా కాలవల్లో పడవలు తిరిగేవి. ఇప్పుడు పడవల కోసం లాకుల గేట్లు ఎవరూ ఎత్తరు. పైగా ఎక్కడ చూసినా నీళ్లని కప్పేసిన గుర్రపుడెక్క. "అడ్డమొచ్చిన చోట గట్టెక్కడం, దాటాక మళ్లీ దిగిపోవడం, అంతేగా" అనేవారు, వీధి మలుపు తిరిగినంత తేలిగ్గా.

మొదటిది కాలవలో దించగానే ఓ పక్కకి ఒరిగి మునిగింది. రెండోది తేలింది గానీ గట్టెక్కలేదు, ట్రాక్టరు పెట్టి లాగించారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు! నేను తిడుతూనే ఉండేదాన్ని. ఆయన నవ్వుతూ టేపు తెచ్చి, నన్ను వంటింటి స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాలు ఎంతవరకూ నొప్పి లేకుండా వంగుతుందో కొలుచుకునేవారు.

మూడోది కుదిరింది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటి మీద ఇనుప చట్రం, కింద పాత రిక్షా చక్రాలు, వెనక నీళ్లు తోసే రెక్కలు. మీట ఇటు లాగితే గొలుసు రెక్కల్ని తిప్పుతుంది, అటు లాగితే చక్రాల్ని. ముందు ఆయన తొక్కే చోటు. వెనక నాకు కుర్చీ, దానికో గొడుగు.

కిందటి కార్తీకంలో మా స్కూలు వాళ్ల వనభోజనాలు కాలవ గట్టునే ఉన్న ఒక తోటలో పెట్టారు. నేను బదిలీ మీద కొత్తగా వచ్చిన స్కూలు అది. మా ఆయన్ని అక్కడ ఎవరూ ఎరగరు. "మొదటి ప్రయాణం నీదే. దీంట్లోనే వెళదాం" అని చిన్నపిల్లాడిలా బతిమాలారు. బండి కాబట్టి చక్రాల కింద నిమ్మకాయలు, పడవ కాబట్టి ముందు భాగానికి పసుపూ కుంకుమా పెట్టించి మరీ ఇంటి గుమ్మంలోనే ఎక్కించుకున్నారు.

కాలవలో బాగానే ఉంది, అబద్ధమెందుకు. కొబ్బరిచెట్ల నీడన చప్పుడు లేకుండా పోయాం. లాకుల దగ్గర నన్ను దింపకుండానే గట్టెక్కించి, అవతల మళ్లీ నీళ్లలోకి దించారు. అక్కడి టీకొట్టులో ఉన్నవాళ్లంతా లేచి చూస్తుంటే నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

తోట దగ్గరికొచ్చేసరికి గుర్రపుడెక్క రెక్కలకి చుట్టుకుంది. ఆయన నీళ్లలోకి దిగి, దాన్ని పీకి, ఒళ్లంతా బురదతో, చేతులనిండా గ్రీజుతో బండిని ఒడ్డుకి తోశారు. పైన మా టీచర్లు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. పట్టుచీర కట్టుకుని, గొడుగు కింద, ఉత్సవ విగ్రహంలా నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏంటండీ మేడమ్, ఈ వాహనం? ఈయనెవరండీ?" అన్నారు లెక్కల మాస్టారు.

"ఏమోనండి. ఆటో దొరక్కపోతే లాకుల దగ్గర ఎక్కాను" అన్నాను.

ఆయన నా పక్కనే ఉన్నారు. తల ఎత్తలేదు. "దిగండమ్మా, జాగ్రత్త. జారుద్ది" అన్నారు.

ఉసిరిచెట్టు కింద అందరం బంతిలో కూర్చున్నాం. "పాపం, ఆ బండాయనకీ ఓ ఆకు వేయండి" అన్నారెవరో. ఆయనకి ఒడ్డునే, బండి పక్కన వేశారు. పులిహోర వడ్డించాక చెబుదామనుకున్నాను. పనసపొట్టు కూర వచ్చాక చెబుదామనుకున్నాను. పెరుగు కూడా వచ్చేసింది.

లెక్కల మాస్టారు చేయి కడుక్కుని బండి చుట్టూ తిరిగి చూశారు. "ఇంత కష్టపడి ఎవరికోసం చేశావయ్యా?" అని అడిగారు.

"మా ఆవిడ కోసమండి. మోకాళ్ల నొప్పులు. లాకుల దగ్గర దిగి నడవక్కర్లేకుండా."

"ఎక్కించావా మరి?"

ఆయన ఆకు మడిచారు. "ఇంకా లేదండి" అన్నారు.

అప్పుడైనా లేవాల్సింది. లేవలేదు. పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాను. సాయంత్రం కారులో దింపుతామంటే మాత్రం వద్దని, వచ్చినదాంట్లోనే వెళతానన్నాను. నాకున్న ధైర్యం అంతే.

దారంతా ఆయన తడిసిన బనీను, వీపు తప్ప నాకేం కనిపించలేదు. లాకుల దగ్గర ఒడ్డుకి చేర్చి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"లాకులొచ్చాయండి మేడమ్‌గారూ. మీరెక్కింది ఇక్కడే కదా."

ఆటపట్టించారో, కోపంగా అన్నారో ఇప్పటికీ తెలియదు. నేను దిగాను. చీర ఎగదోపుకుని, వెనక్కి వెళ్లి, ఆయన తొక్కుతుంటే రెండు చేతులా పట్టి గట్టు పైదాకా తోశాను. మోకాళ్లు భగ్గుమన్నాయి. టీకొట్టు నిండా జనం ఉన్నారు. ఆయనెవరండీ అని ఒక్కరైనా అడిగితే చెబుదామని అందరి ముఖాలూ చూశాను.

ఎవరూ అడగలేదు.