రెండు గీతలు కలిసే చోటు

భూగోళం పాఠమంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అలాంటి నాకే, ఏడో తరగతి చదివే మా పాపకు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పాల్సిన పని పడింది. పుస్తకం చదివితే తల తిరిగింది. దాన్ని అవతల పడేసి ఒక బత్తాయి ఒలిచాను. తొనల మధ్య పైనుంచి కిందికి దిగే గీతలు రేఖాంశాలు. రెండు కొసల్లోనూ కలిసిపోతాయి. ఇంకో బత్తాయికి నడుము దగ్గర, దాని పైనా కిందా, పెన్నుతో అడ్డంగా చుట్లు గీశాను. అవి అక్షాంశాలు, ఒకదాన్నొకటి ఎన్నడూ తాకవు. మన హైదరాబాద్ నడుము గీతకు ఉత్తరాన పదిహేడు చిల్లర డిగ్రీల దగ్గర, లండన్ మీదుగా పోయే సున్నా గీతకు తూర్పున డెబ్బై ఎనిమిది చిల్లర దగ్గర ఉందన్నాను.

"ఒక్క నంబర్ చెప్తే దొరకదా డాడీ?"

"దొరకదు. పదిహేడంటే ఆ చుట్టంతా తిరగాలె. రెండూ కలిసిన కాడనే జాగ దొరుకుతది. చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే గంత చిన్న జాగ."

పాప తొన నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "మరి అమ్మ నంబర్లు నీ ఫోన్ల ఉన్నయ్ గదా? ఈసారి కొవ్వొత్తి అమ్మ కాడనే పెడ్త."

ఉన్నాయి. కరోనాలో మా ఆవిడ పోయినప్పుడు మేమిద్దరం ఉప్పుగూడ ఇంట్లో జ్వరంతో పడి ఉన్నాం. ఎవరో పుణ్యాత్ములు తీసుకెళ్లి సమాధుల తోటలో పాతిపెట్టి, ఆ చోటి అంకెలు నా ఫోనుకు పంపారు. చెక్క శిలువ నాటామన్నారు గానీ, మేం వెళ్లేసరికి వానలకు ఏదీ మిగల్లేదు. ఆ అంకెలు పట్టుకుని వెతికే ధైర్యం నాకు రాలేదు. ఏటా సమాధుల పండుగకు, తమవాళ్ల జాడ తెలియనివాళ్లందరిలాగే, గేటు దగ్గరి పెద్ద శిలువ కింద కొవ్వొత్తి వెలిగించి వచ్చేసేవాళ్లం.

ఈసారి పాప అక్కడ ఆగలేదు. ఒక చేతిలో బంతిపూలు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని అంకెలు చూసుకుంటూ నడిచింది. అంకెలన్నీ కలిశాయి. తెర మీద నీలం చుక్క, దాని చుట్టూ లేత వలయం. ఆ వలయంలో పేరులేని మట్టిదిబ్బలు ఐదారున్నాయి. ఫోనుకు అంతకన్నా తెలియదు.

"ఏది డాడీ?"

దాని మొహం చూసి తెలియదనలేకపోయాను. "గిదే బిడ్డా" అని ఒకదాన్ని చూపించాను.

గడ్డి పీకింది, పూలు పెట్టింది, కొవ్వొత్తి వెలిగించింది. "డాడీకి జడ ఎయ్యస్తలేదమ్మా. నేనే ఏసుకుంటున్న" అని చాడీ చెప్పింది.

అంతలో ఒక ముసలమ్మ పూలదండతో వచ్చి మా వెనక నిలబడింది. "ఎవరి బిడ్డవమ్మా? గిది మా కొడుకుది" అంది.

పాప దిగ్గున లేచి కొవ్వొత్తి తీయబోయింది. ముసలమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్ బిడ్డా. కరోనాల పోయిండు. నాకు గూడ ఎవలు చూపియ్యలె. గిదే అనుకొని ఏటా వచ్చి ఏడుస్తున్న."

పాప నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అది కొవ్వొత్తిని వదిలేసి ముసలమ్మ పక్కనే కూలబడింది. ఆ ఒక్క దిబ్బ మీదే చేతులు వేసి, ఒకరు అమ్మా అని, ఒకరు కొడుకా అని ఏడ్చారు.