కుంకుమ పట్టిన లెన్సు

మా ఆయన కమలాకర్‌కు దేవరకొండలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీస్తేనే మాకు ఇల్లు గడిచేది. అందరూ కొంటున్నారు, మనమూ ఒక డ్రోన్ కొందామని నేను మొత్తుకుంటే, ఆయన హైదరాబాదు పోయి చెయ్యంత పొడుగున్న పాత లెన్సు తెచ్చాడు. పిట్టలకట, అడవి జంతువులకట. “పెండ్లికొడుకును గుట్ట మీదికెల్లి తీస్తవా?” అని అడిగితే నవ్వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ లెన్సుకు చేసే సేవ కన్నతల్లికి కూడా చేయడు. రబ్బరు బుడ్డతో గాలి కొట్టి దుమ్ము పోగొడతాడు. అంగీతోనో కొంగుతోనో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయంటాడు. వానాకాలం బూజు పట్టకుండా నా సకినాల డబ్బా గుంజుకున్నాడు. మూత బిగుతుగా ఉంటుందని, అడుగున తేమ పీల్చే పొట్లాలు వేసి లెన్సును అందులో పండబెడతాడు. నన్ను కూడా ముట్టనివ్వడు.

ముట్టింది మా అత్తమ్మ అమృతమ్మ. దసరా నాడు ఇంట్లోని ప్రతి పనిముట్టుకూ బొట్టు పెట్టాలి కదా. ఏటా ఆయన కెమెరా స్టాండును ముందుకు తోసి తప్పించుకునేవాడు. ఈసారి ఆయన పూల కోసం బజారుకు పోయినప్పుడు, అత్తమ్మ డబ్బా తెరిచి లెన్సు చుట్టూ పసుపు రాసి, కుంకుమ చల్లి, దండం పెట్టి మళ్లీ మూత పెట్టింది. మాకెవరికీ చెప్పలేదు.

మర్నాడు మల్లేష్ వచ్చాడు. గుట్ట కింద పల్లి చేను, కొన్ని మేకలు, అదే అతని బతుకు. చేనును అడవి పందులు తవ్వుతుంటే మేకలను చిరుత ఎత్తుకుపోతోంది.

“అన్నా, ఇయ్యాల పొద్దుగూకేదాక చూస్త. అటెన్క సచ్చిన మేక లోపట మందు పెడ్త,” అని జేబులోంచి విషపు గుళికల పొట్లం తీసి చూపించాడు. ఫోటో చూపిస్తే బోను పంపుతానని ఫారెస్టు ఆఫీసరు అతనితో అన్నాడట.

“మందు పెట్టకురా. ఫోటో నేను తీస్త,” అని మా ఆయన మాటిచ్చాడు. మొగుణ్ని ఒక్కణ్నే పులి ముందుకు పంపే గుండె నాకెక్కడిది? నేనూ బండెక్కాను.

చేను గట్టున బండల చాటుకు ముగ్గురం నక్కాం. చిరుత చంపి వదిలిపోయిన మేక గుట్ట మొదట్లో పడి ఉంది. మా ఆయన పొద్దు గూకుతోందన్న తొందరలో డబ్బాలోంచి తీసి, చూడకుండానే లెన్సు బిగించి, ముందు దగ్గరి పొదను చూస్తూ ఫోకస్ రింగు తిప్పాడు. కరకరమంది. వేళ్లకు ఎర్రగా అంటింది. నా వైపు కోరచూపు చూశాడు. “నేను గాదు!” అన్నాను. అయితే ఇంకెవరో ఇద్దరికీ తెలిసిపోయింది.

“ఇంటికి వొయినంక జెప్త అమ్మ సంగతి,” అని గొణుగుతూ బుడ్డతో ఊదాడు. కుంకుమ ఇంకా లోపలికి పోయిందేమో, రింగు అక్కడే బిగుసుకుపోయింది. చిన్న లెన్సులు స్టూడియోలో ఉన్నాయి. ఫోనులో గుట్ట తప్ప ఏమీ కనబడదు.

“దగ్గర ఉన్నదే సాఫ్‌గ వస్తది. దూరంది మసకే. నేనే దగ్గరికి వోవాలె,” అన్నాడు.

“మతి ఉన్నదా నీకు?” అని అంగీ పట్టుకున్నాను. పక్కన మల్లేష్ పొట్లం విప్పుతున్నాడు. మా ఆయన అది చూసి నా చెయ్యి విడిపించుకున్నాడు.

అంతలోనే చిరుత దిగింది. మేక పక్కన నిలబడి నాలుగు దిక్కులా చూసింది. మా ఆయన బోర్లా పడుకుని, మోచేతుల మీద గడ్డిలో పాకుతూ పోయాడు. చిరుత తల ఎత్తింది. ఆయన కదలడం మానేశాడు. అది మళ్లీ వంగగానే ఇంకొంచెం జరిగాడు. మనిషి పోతే లెన్సును ఏం చేసుకోను దేవుడా అనుకున్నాను. కెమెరా టక్కుమంది. చిరుత ఆయన్నే సూటిగా చూసి, మేకను నోట కరుచుకుని బండల్లోకి పోయింది.

తిరిగి వచ్చి కెమెరా వెనక బొమ్మ చూపిస్తే మల్లేష్ నవ్వబోయి ఆగిపోయాడు.

“జర పెద్దగ జెయ్యన్నా.”

చిరుత మెడకు ఇనుప తీగ ఉచ్చు బిగుసుకుని ఉంది. చర్మం కోసుకుపోయి పుండు పడింది. ముడి దగ్గర పచ్చ దారం. దూరం నుంచి తీసి ఉంటే అది కనిపించేది కాదు. మెడ కోసుకుపోయిన జంతువు జింక వెంట ఏం ఉరుకుతుంది? అందుకే కట్టేసిన మేకల మీద పడింది.

“గా తీగ నాదే,” అన్నాడు మల్లేష్. “పందులకు పెట్టిన. పచ్చ దారం నేనే గట్టిన.”

“ఇంక ఉన్నయా?” అని మా ఆయన అడిగాడు.

“చేను సుట్టూ ఉన్నయన్నా.”

మల్లేష్ గుళికల పొట్లం నా చేతిలో పెట్టాడు. “అక్కా, బోనుతోటి డాక్టర్ను గూడ తెమ్మను. ముడి ఎవ్వలదో గూడ ఆఫీసరుకు జెప్పున్రి. నన్నేమన్న జేసుకోనియ్యి,” అని, పొద్దుగూకకముందే తీగలు పీకడానికి చేన్లోకి ఉరికాడు.

ఎవరినీ ముట్టనివ్వని ఆ లెన్సును మా ఆయన నా ఒళ్లో పెట్టి అతని వెంట పరుగెత్తాడు. నాకు ఏడుపు ఆగలేదు. కొంగుతో కండ్లు తుడుచుకున్నాను. లెన్సును మాత్రం తుడవలేదు.