బెంచీలు లేని బండి

అరకు బజారులో నాకన్నా గొప్ప బేరం చేసినవాడుంటే వచ్చి చూపించమనండి. నడుస్తున్న జీపును, అదీ మా దుకాణానికి ఏళ్ల తరబడి అన్నం పెట్టిన జీపును, విశాఖపట్నం తీసుకెళ్లి, దగ్గరుండి కోయించి, ఇద్దరు మాత్రమే పట్టే కారుగా కట్టించుకొచ్చాను. పైగా మెకానిక్కు అడిగిన మజూరీలో మూడో వంతు ఎగ్గొట్టాను. ఎలాగంటే, జీపు వెనకున్న రెండు బెంచీలూ, టాపు చట్రమూ పాత ఇనుము కింద అతనికే అంటగట్టాను. అక్కర్లేని సామానుతో మజూరీ తీర్చానని ఘాటు రోడ్డు పొడవునా నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఆదివారం రైలు నిండా టూరిస్టులు దిగేవారు. పొట్లాలకని కొన్న చిత్తుకాగితాల్లో ఒక రంగుల పత్రిక దొరికింది. అందులో ఒక కారు బొమ్మ. పాతకాలం దానిలా కనిపించే, కొత్తగా చేత్తో కట్టిన రోడ్‌స్టర్. కప్పు లేదు. ఇంజను పక్కన రేకులు లేక లోపలి గొట్టాలన్నీ బయటికే కనబడుతున్నాయి. ముందు సన్నటి చక్రాలు, వెనక లావువి. హాట్ రాడ్ అంటారట. ఆ కాగితంలో బెల్లం కట్టి ఎవరికో ఇచ్చేయాల్సింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. కొత్తగా పెళ్లయిన జంటలకు ఇలాంటిది అద్దెకిచ్చి, కాఫీ తోటల మధ్య వాళ్లనే నడుపుకోమంటే అడిగినంత ఇస్తారని నా లెక్క.

మా అమ్మ గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే బండిని చూసింది.

"ఏట్రా ఇది? ఈకలు పీకిన కోడిలాగుంది."

"పాత మోడలమ్మా. ఇదే ఫ్యాషన్."

"సంతకి జనం దేంట్లో వస్తారు?"

"వ్యాను మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడలేదు.

సంత సంగతి చెప్పాలి. మా నాన్న కాలం నుంచి ఒక పద్ధతి ఉండేది. సంత రోజు పొద్దున్నే జీపు ఖాళీగా ఘాటు మలుపు దాకా వెళ్లేది. దాని చప్పుడు విని పై ఊళ్లవాళ్లు పసుపు, పిప్పళ్ల మూటలతో కొండ దిగేవారు. కిరాయి లేదు. మనుషులకూ లేదు, మూటలకూ లేదు, కోళ్లకు అసలే లేదు. సరుకు మాత్రం ముందు మా కొట్లో దింపేవారు. ధర దగ్గర గొంతులు పోయేలా కొట్టుకునేవాళ్లం, అది వేరే సంగతి. జ్వరమొచ్చిన మనిషినైనా డోలీ కట్టి ఆ మలుపుకే తెచ్చేవారు, బెంచీ మీద పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చేవాళ్లం. ఎవరూ కాగితం మీద రాసుకున్నది కాదు. నా దృష్టిలో మాత్రం అది డీజిల్ దండగ.

చింతపండు సీజను అయిపోయాక జీపును విశాఖ తీసుకెళ్లాను. వానలు పడ్డాక కారుగా తిరిగొచ్చింది. మొదటి బేరం తగిలిన రోజే సంత. గెస్ట్‌హౌసులో ఒక జంటకు కారు అప్పజెప్పడానికి ఘాటు ఎక్కుతున్నాను. మలుపులో డోలీ దించి నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన మా నాన్న హయాం నుంచీ మాకు పసుపు తెచ్చే రైతు. డోలీలో ఆయన భార్య, చలి జ్వరంతో పళ్లు కొట్టుకుంటోంది.

ఆయన కారు చుట్టూ తిరిగి చూశాడు.

"బండేది బాబూ?"

"ఇదే మావా."

"సప్పుడు ఆ బండిదే. మరి ఎనకాతల ఏదీ?"

ఇంజను మార్చితే ఖర్చని పాతదే ఉంచాను.

"ఇందాక ఏరే జీపు ఎల్లింది" అన్నాడు. "మేం ఆపనేదు. కింద నీ సప్పుడు ఇనబడతాంది గదా అని ఆగిపోనాం."

అప్పుడే వాన అందుకుంది. ఆమెను పడుకోబెట్టడానికి చోటు లేదు. పక్క సీట్లో కూర్చోబెట్టి డోలీ దుప్పటితోనే నడుముకు కట్టాం. ఆయన కారు పక్కన కాలు పెట్టే రేకు మీద నిలబడి, ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో వాన ఆగేలా ఆకులతో అల్లిన గిడుగు ఆమె తల మీద పట్టాడు. రెండో మలుపు దగ్గర గాలికి గిడుగు లోయలోకి పోయింది. ఆయన వంగి తన వీపునే కప్పు చేశాడు.

"బేగి పోనీ బాబూ" అన్నాడు. మలుపుల్లో బేగి పోతే ఆయన పడిపోతాడు. మెల్లగా పోతే ఆమె తడుస్తుంది. ఆ దారంతా నాకు రెండూ తప్పే.

ఆస్పత్రిలో నర్సు ఆమె చీర పిండుతూ, "ఇంతలా ఎలా తడిపారయ్యా?" అంది. మేమిద్దరం కారు వైపు చూశాం.

ఆమె బతికింది. జ్వరం పోయి దగ్గు మిగిలింది. పాతిక అడుగులు ఎక్కితే ఆయాసం. మళ్లీ కొండ దిగలేదు.

తర్వాతి సంతకు నిజంగానే అద్దె వ్యాను పంపాను. అది ఖాళీగా తిరిగొచ్చింది. కొన్నాళ్లకు ఆయన నడిచే వచ్చాడు, భుజాన పసుపు మూటతో. మూట దించలేదు. మడతపెట్టిన నోట్లు గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఏంటి మావా ఇది?"

"కిరాయి. టూరిస్టులకి ఎంత సెప్తన్నావో గెస్ట్‌హౌసు కాడ అడిగినాను."

"నీ దగ్గర కిరాయేమిటి? ఎప్పుడైనా తీసుకున్నామా?"

"జీపుకి ఇవ్వనేదు. అది మనది. ఇది నీ కారు గదా బాబూ."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే నాలుగు మాటలాడి దారికి తెచ్చుకునేవాణ్ణి. మూట సర్దుకుని ఎదురు కొట్టుకు వెళ్లాడు. మా అమ్మ నోట్లు తీసి గల్లాపెట్టెలో వేసింది. "ఒద్దంటే ఇంకా సిన్నబుచ్చినట్టు" అంది.

లెక్క ఇదీ. రంగుకి, లావు టైర్లకి, మెరుగు పూతకి పెట్టింది ఎక్కువేం కాదు, అన్నింటిలోనూ బేరమాడాను. కప్పు లేని కారును ఆ వానల్లో ఏ జంటా అద్దెకు తీసుకోలేదు. చివరికి దాన్ని ఒక రిసార్టువాళ్లు గేటు దగ్గర బొమ్మలా నిలబెట్టడానికి కొన్నారు, అక్కడా బాగానే లాగాను. పోయినవి: ఒక గిడుగు, ఒక ఆడమనిషి ఊపిరిలో సగం, పై ఊళ్ల పసుపు మొత్తం, పాత ఇనుము ధరకు రెండు బెంచీలు. వచ్చింది: ఒక్క కిరాయి. అడిగిన రేటు, పైసా తగ్గకుండా.