శుక్రవారం నూనె

జాంపేటలో యెహెజ్కేలు అతికించింది ఊడటమంటూ లేదు. పాతికేళ్ళు రేడియో డబ్బాల పగుళ్ళు పూడ్చిన చెయ్యి అది. టీవీలొచ్చి రేడియోలు అటకెక్కాక కూడా కళ్ళజోడు ఫ్రేములూ, హార్మోనియం పెట్టెలూ, విరిగినవన్నీ అతని కొట్టుకే వచ్చేవి. అలాంటి మనిషి పరువు తొంభై ఎనిమిదిలో ఒక స్టీరింగు చక్రం తీసేసింది.

అది శ్యామలాంబగారి అరవై నాలుగు మోడలు ఫియట్‌ది. ఇన్నీసుపేటలో బట్టల వ్యాపారం వాళ్ళది. అరవై దాటినా ప్రతి శనివారం ఆవిడే కారు నడుపుకుంటూ కోరుకొండ గుడికి వెళ్ళొస్తుంది. ఇనప చువ్వ మీద పోసిన మీగడ రంగు ప్లాస్టిక్కు పైభాగాన బెత్తెడు మేర పగిలి, ఆవిడ అరచేతిని గీరుతోంది. కొత్త చక్రం మద్రాసులోనూ దొరకలేదు. యెహెజ్కేలు అతికిస్తే పదిరోజులకి ఊడింది. మళ్ళీ అతికించాడు, మళ్ళీ ఊడింది.

మూడోసారి ఆవిడ చక్రాన్ని తువ్వాల్లో చుట్టుకుని రిక్షాలో వచ్చింది.

"ఏమయ్యా యెహెజ్కేలూ, ఈసారీ ఊడిందంటే మా అప్పాజీ ఈ కారు అమ్మేసి, కొత్తది కొని డ్రైవర్ని పెడతాడట. కన్నతల్లిని వెనక సీట్లో మూటలా పడేస్తాడట. నాకేమైనా కాళ్ళూ చేతులూ పడిపోయాయా?" అంది.

యెహెజ్కేలుకి సిగ్గుకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. ఎండ దెబ్బా అంటే కారుండేది షెడ్డులో. జిగురు తప్పా అంటే అదే జిగురుతో అతికించిన హార్మోనియాలు చర్చిలో మోగుతూనే ఉన్నాయి. మరి ఏంటిది? పగులు లోపల ఎర్రగా ఉంది. రెండుసార్లూ దాన్ని తుప్పనుకుని పైపైన గీకేసి ఊరుకున్నాడు. ఇప్పుడు సూదితో కాస్త పెళ్ళగించి వేళ్ళమధ్య నలిపాడు. తుప్పైతే గరగరలాడాలి. ఇది మెత్తగా జారింది. వాసన చూశాడు. ఓరి నాయనో, నువ్వుల నూనె!

"తప్పుగా అనుకోకండమ్మా. దీనికి నూనె ఎవరు రాస్తున్నారండి?"

"నేనే. కొన్న దగ్గర్నించీ ప్రతి శుక్రవారం దీపం పెట్టాక, ప్రమిదలో నూనె కాస్త తెచ్చి చక్రమంతా రాస్తాను. పైన కుంకుమ పెడతాను. అందుకే కదా ఇన్నాళ్ళు నిలిచింది?"

ముప్పై నాలుగేళ్ళ శుక్రవారాలు! యెహెజ్కేలుకి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కొంప మునుగుతుందని దగ్గి ఊరుకున్నాడు. చర్చికెళ్ళే తను ఆవిడ పూజకి అడ్డం చెప్పడమేమిటని భయం కూడా వేసింది. చివరికి తెగించాడు.

"నూనె ఇంకినచోట జిగురు పట్టదండి. నేనతికించడం, శుక్రవారం మీరు ఊడగొట్టడం. ఇదండి జరుగుతోంది."

ఆవిడ మొహం కందగడ్డయింది. "అంటే నా కారుని నేనే పాడుచేసుకుంటున్నానంటావా?"

"అవునండి."

ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"మరి బొట్టో?" అంది చివరికి, చిన్నపిల్లలా.

"మధ్యలో హారన్ మీద పెట్టుకోండమ్మా, పొడిగా. నూనె మాత్రం వద్దండి."

రంపం బ్లేడుతో పగులుని ఇనుము కనబడేదాకా వెడల్పు చేశాడు యెహెజ్కేలు. పెట్రోలు పోసి టూత్‌బ్రష్‌తో తోమాడు. ఎండలో పెడితే మళ్ళీ నూనె చెమర్చింది. మళ్ళీ తోమాడు. తుడిచిన గుడ్డ తెల్లగా వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పుడు జిగురు నింపి, ఎండాక ఎమరీ కాయితంతో రుద్ది, మీగడ రంగు వేశాడు. ఇచ్చేముందు కొట్టు తలుపు వేసుకుని, "ప్రభువా, ఆవిడ చేతిలోంచి ఇది పోనియ్యకు" అని ప్రార్థన చేసుకున్నాడు.

ఆ తర్వాత శుక్రవారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఏడు గడిచాయి. ఎనిమిదోది గడిచిన మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు హారన్ మోగింది. మళ్ళీ ఊడిందేమోనని పరుగెత్తాడు. స్టీరింగు ముందు శ్యామలాంబగారే ఉంది. వెనక సీట్లో ఖాకీ చొక్కా కుర్రాడొకడు కొబ్బరికాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

యెహెజ్కేలు చెయ్యి లోపలికి పెట్టి అతుకు మీద గోరు ఆనించి గీశాడు. ఎక్కడా తగల్లేదు. హారన్ మీద పొడి కుంకుమ ఉంది.

"ఆయనెవరండి?"

"మా అప్పాజీ ముందే మాట్లాడేసిన డ్రైవరు. చక్రం విరిగేదాకా పనిలేదుగా పాపం," అంటూ గేరు వేసిందావిడ, "కోరుకొండ చూపించుకొస్తాను."