నవలాకారుడికి ప్రార్థన

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో రైలెక్కి, ఓ ప్రఖ్యాత అమెరికన్ నవలాకారుడి జీవితచరిత్ర తెరిచాను. అంతకుముందే ఫోన్‌లో నా తెలుగు విన్న ఎదుటి సీటు ఆంటీ, అట్ట మీది గడ్డం మనిషిని చూసి, "ఎవరు బాబూ ఆయన?" అంది.

పెద్ద రచయిత అని చెప్పాను. రాయడం కోసం పత్రిక ఉద్యోగం మానేశాడట. చాలాకాలం ఎవరూ అచ్చెయ్యలేదట. తర్వాత ప్రపంచమంతా చదివింది. మూడు పెళ్ళిళ్ళు, బోలెడంత తాగుడు.

"అయ్యో! పేరు చెప్పు, ఆయన కోసం ప్రేయర్ చేస్తాను."

"ఆయన పోయి చాలా ఏళ్ళయింది ఆంటీ."

"పోయినవాళ్ళకి మా చర్చిలో చెయ్యం," అని నిరాశపడింది. అంతలోనే నన్ను అనుమానంగా చూసింది. "కొంపదీసి నువ్వు కూడా రాస్తావా?"

"నవల మొదలుపెట్టానండీ. జాబ్ రిజైన్ చేద్దామనుకుంటున్నా."

"హెచ్‌వన్ వీసా మీద ఉన్నావా?"

ఔనన్నాను; ఉద్యోగం మానితే వీసా కూడా పోతుంది. ఆవిడ వెంటనే నా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని గొంతెత్తింది. "ప్రభువా, ఈ బిడ్డ చేత నవల పూర్తి చేయించు తండ్రీ! ఉద్యోగం మాత్రం మానకుండా కాపాడు తండ్రీ! ఆమెన్."

పక్క సీటులోని తెల్లాయన కూడా ఆమెన్ అన్నాడు.

ఉద్యోగం ఇప్పటికీ ఉంది. బోగీ అంతా విన్నా, నవల సంగతి ప్రభువుకి మాత్రం వినపడినట్టు లేదు.